ఎడమ పక్క కమాను

మొన్న మా మేనల్లుడు ఫోనుకు ఒక ఫొటో పంపాడు. కారేపల్లిలో మూతపడ్డ రైసుమిల్లు వెనక, తుమ్మచెట్ల మధ్య తుప్పు పట్టి పడి ఉన్న పాత మిలిటరీ లారీ అది. నాన్నా నువ్వూ కమాన్లు కట్టిన బండేననీ, దాన్ని కొన్నాననీ, మళ్ళీ రోడ్డెక్కిస్తాననీ, కమాన్లు మాత్రం నువ్వే చూడాలి మామా అనీ కింద రాశాడు. కళ్ళజోడు వెతికి పెట్టుకుని, ఫొటోను పెద్దది చేసుకుని నేను ముందుగా చూసింది బండి ముక్కునూ కాదు, రంగునూ కాదు, అది ఏ పక్కకు ఒరిగిందా అని. ఎడమ పక్కకు ఒరిగి ఉంది. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ ఎడమ పక్క కమాను కట్టింది మా బావ, కుడి పక్కది నేను.

మన తరం వాళ్ళకు కమానంటే చెప్పనక్కరలేదు, చక్రాల మీద బండి బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్ట. ఏన్కూరు రోడ్డు పక్కన తాటాకు కప్పిన కొట్టంలో మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ పనే చేసేవాడు. చదువు అబ్బని నన్ను తన దగ్గర పెట్టుకున్నాడు. భద్రాచలం అడవుల నుంచి వెదురూ, దుంగలూ, తునికాకూ మోసుకొచ్చే లారీల్లో మిలిటరీ వాళ్ళు వేలం వేసినవి చాలా ఉండేవి. అప్పట్లో తారు రోడ్డు ఒక్క బండికే సరిపోయేది, ఎదురుగా ఇంకో బండి వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దిగాల్సిందే, దిగిన ప్రతిసారీ బరువంతా ఎడమ కమాను మీదే. అందుకని మా కొట్టంలో ఎడమ పక్క ఎప్పుడూ బావది. కుడి పక్క నాకు. ఒక్కసారి ఎడమ పక్క నాకివ్వు బావా అని అడగని నెల లేదు, ఇచ్చిన రోజూ లేదు.

ఆయనంటే నాకు ఎంత కుళ్ళో! పట్టీని తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టి, ఆ మోత విని బీట ఎక్కడుందో చెప్పేవాడు. నేనేమో కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లి, బీటలో దాగిన నూనె మరకై ఊరేదాకా పట్టీ ముందు కూర్చుంటే గానీ కనిపెట్టలేకపోయేవాణ్ణి. లోడు ఎత్తడానికి వచ్చే కోయవాళ్ళతో వాళ్ళ భాషలోనే పరాచికాలాడేవాడు, వాళ్ళు నవ్వితే నా గురించేనేమోనని నాకు అనుమానం. ఎండాకాలం కొలిమి ముందు రోజంతా నిలబడినా ఆయన క్రాఫు చెదిరేది కాదు. డ్రైవర్లు బండి దిగుతూనే మేస్త్రీ ఉన్నడా అని అడిగేవాళ్ళు, నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే. ఆ రోడ్డు మీద నాకు పేరు లేదు, నేను మేస్త్రీ బామ్మర్దిని, అంతే.

పని అయ్యాక బండిని జాకీల మీద నుంచి దింపి, బావ వెనక గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూసేవాడు. తన పక్క చూసుకుని ఏమీ అనేవాడు కాదు, అనాల్సిన పని లేదు కాబట్టి. నా పక్క చూసి మాత్రం "నడుస్తది" అనేవాడు. మంచిగుందని ఏనాడూ అనలేదు. ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు ఎంత మండేదంటే, ఆ పూట అక్క పెట్టిన అన్నం కూడా సగమే తినేవాణ్ణి.

తర్వాత అడవి కాంట్రాక్టులు తగ్గాయి, తయారు కమాన్లు షాపుల్లోకి వచ్చాయి, కొట్టం పోయింది, ఆ తర్వాత బావా పోయాడు. ఇన్నేళ్ళకు దమ్మపేటలో అక్క వాళ్ళ ఇంటి ముందు ఆ బండి దిగింది. ఇటుకలు పెట్టి కొలిచి చూశాను, నా కుడి పక్క ఉన్నదున్నట్టు నిలబడే ఉంది. మనసులో మీసం మెలేసుకుంటూ ఆ పక్కనే తిరిగాను. అంతలో మా వాడు ఖమ్మం నుంచి పిలిపించిన మెకానిక్కు బండి కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఈ ఎడమ పక్క ఎవడో చేతగానోడు చేసిండు సార్" అన్నాడు. మేనల్లుడు తలవంచుకున్నాడు, వాళ్ళ నాన్న చేతి పని అది. నాకు మాత్రం ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఏందిరా నువ్వనేది? గా రోడ్డు మీద ఎడమ పక్క మోసిన కమాను అది! నువ్వు కట్టి సూపియ్ ముందుగాల," అని అరిచాను. బావను అనాలంటే నేను అనాలి గానీ, ఎవడో ఖమ్మం వాడు అనడమేమిటి?

అలా ఆ ఎడమ పక్క చివరికి నా చేతికొచ్చింది. కట్ట విప్పి, తుప్పు గీకి, సుద్దపొడితోనే బీటలు వెతికి, పగిలిన పట్టీ ఒకటి తీసేసి కొత్తది చేశాను. మిగతావి కొలిమిలో ఎర్రగా కాల్చి వంపు పెట్టి, నూనెలో ముంచి పదును పట్టించి, గ్రీజు రాసి బిగించాం. సుత్తి కొట్టింది మెకానిక్కే, అరిచిన దానికి ఏమీ అనుకోలేదు పాపం. బండి దింపితే రెండు పక్కలా సమానంగా నిలబడింది. మేనల్లుడు సూపర్ మామా అన్నాడు, ఫోన్లతో వీడియోలు తీశారు. జీవితమంతా కోరుకున్న పక్క దొరికింది కదా, సంతోషంగా ఉండాలి కదా, ఏమీ లేదు. ఇప్పుడు షాపుకు వెళ్ళి నంబరు చెబితే కమాను ఇస్తారు, దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, ఎవరి పనితనం చూసీ ఎవరూ కుళ్ళుకోనక్కరలేదు.

మోకాళ్ళు వంగక వంగక, బండి వెనక గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూశాను. అరుగు మీద కుర్చీలో ఉన్న అక్కను, ఎట్లుందే అని అడిగాను. అక్క ముక్కు మీది కళ్ళద్దాల పైనుంచి ఎడమ పక్కనే కాసేపు చూసి, "నడుస్తది తీ" అంది.

ఒళ్ళు భగ్గున మండింది. ఎన్నేళ్ళయిందో అలా మండి. ఆ పూట అక్క పెట్టిన అన్నం సగమే తిన్నాను.