ఒకే డబ్బా, రెండు సముద్రాలు

యాంగోన్‌లో నేను పరిశోధక విద్యార్థినిగా చేరిన ల్యాబ్‌లో ఇద్దరు పెద్దలుండేవారు. ఒకరు సయా, ఒకరు సయామ. ఇక్కడ మాష్టారినీ, టీచరమ్మనీ అలాగే పిలుస్తాం. ఇద్దరివీ పక్కపక్క గదులే గానీ, మాట మాత్రం నా ద్వారానే వెళ్లాలి.

ఒకసారి సముద్రం అడుగు నుంచి తీసిన బురద ఒక డబ్బాలో వచ్చింది. అందులో ఒకప్పుడు బతికిన సూక్ష్మజీవుల గుల్లలుంటాయి. వాటిని బట్టి ఆనాటి సముద్రం ఎలా ఉండేదో చెబుతారు. ఇద్దరికీ చెరికాస్త ఇచ్చాను.

సయా పెద్ద కన్నాల జల్లెడలో కడిగారు. సన్న గుల్లలన్నీ నీళ్లతో పాటు తూములోకి పోయాయి. మిగిలిన వాటిని చూసి, “అన్నీ బలిసినవే! ఇది కడుపు నిండిన సముద్రం” అని తేల్చారు.

సయామ సన్న జల్లెడే వాడారు. కానీ కళ్లు నొప్పంటూ చిటికెడు మట్టి మాత్రమే మైక్రోస్కోప్ కింద పెట్టారు. అరుదుగా దొరికే పెద్ద గుల్ల ఆ చిటికెడులోకి ఎందుకొస్తుంది? “అన్నీ మరుగుజ్జులే. పాపం, ప్రాణవాయువు అందక అల్లాడిన సముద్రం” అన్నారు.

ఒకరోజు సయా మళ్లీ మట్టి కడుగుతుంటే జల్లెడ నుంచి జారిన నీళ్లను బకెట్టులో పట్టి, అడుగున తేరిన మడ్డిని ఆయనకు చూపించాను. చాలాసేపు చూశారు.

“ఇవి నా జల్లెడలో నిలవలేదు కదా?”

“నిలవలేదు సయా.”

“మరి నా లెక్కలోకి ఎలా వస్తాయి?”

సయామను ఇంకాస్త మట్టి చూడమన్నాను. “చిటికెడులో లేనిది గుప్పెడులో ఉంటుందా?” అని నవ్వేశారు.

ఇంట్లో చెబితే అమ్మ కూర తరుగుతూ, “ఒక్క డబ్బాలో మట్టికి రెండు సముద్రాలేటే? ఆలిద్దరికీ పడదేటి?” అంది.

“పడదు.”

“అదీ సంగతి! ముందే సెప్పొచ్చు గదా.”

గొడవ విభాగాధిపతి దాకా వెళ్లింది. ఆయన ఇద్దరికీ టీ తెప్పించి, ఇద్దరూ కలిసి ఒకే వ్యాసంలో సముద్రం ఓ మోస్తరుగా ఉండేదని రాయమన్నారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. వ్యాసం అచ్చయింది. ఏ జల్లెడ వాడారో, ఎంత మట్టి చూశారో నేను రాసిపెట్టిన వాక్యాన్ని చోటు చాలదని తీసేశారు. వాళ్ల బిరుదులకు మాత్రం చోటు బాగానే దొరికింది.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. డబ్బా అడుగున మిగిలిన మట్టిని సెలవుల్లో సన్న జల్లెడలో కడిగి, మొత్తం చూశాను. చిన్నవి కోకొల్లలు, మధ్యమధ్య పెద్దవీ ఉన్నాయి.

చెప్పబోతే సయా చెయ్యి అడ్డం పెట్టారు. “మళ్లీ ఎందుకమ్మా? సముద్రం సంగతి మీటింగులో తేలిపోయింది కదా.”

నా వ్యాసం నేనే రాసుకున్నాను. మొదటి వాక్యంలోనే జల్లెడ కన్నం ఎంతో చెప్పాను. దాన్ని ఇంకా ఎవరూ అచ్చు వేయలేదు.