కాదు మామయ్య, గుర్రుమనే కుక్క

వాచీలు బాగుచేసే మామయ్యది ఒకటే మాట: "కాదు." ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. ఎండగా ఉందంటే "కాదు, ఉక్కగా ఉంది" అనేవాడు. ఉక్కగా ఉందంటే గొడుగు తీసుకుని బయల్దేరేవాడు. వీధిలో అందరికీ ఆయన కాదు మామయ్యే.

"పెళ్ళికి ఒప్పుకున్నట్టేనా అని మా నాన్న అడిగితే, 'ఒప్పుకోవడం కాదు, నేనే అడుగుతున్నాను' అన్నారు. అప్పుడే పారిపోవాల్సింది!" అని అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

ఆ ఇంట్లోనే పెరిగిన మేనకోడలు ఒకరోజు దిక్కులేని కుక్కల్ని సాకే కేంద్రం నుంచి ఓ కుక్కను తెచ్చుకుంది. గోధుమరంగు, ఒక చెవి చిరిగింది. పగలంతా బల్ల కింద బుద్ధిగానే పడుకునేది. గిన్నెలో తిండి పడిందో, దగ్గరికెవరెళ్ళినా గుర్రుమనేది.

"తిండి పెట్టే చేతిమీదే గుర్రా!" అని అత్తయ్య చీపురు నేలకేసి కొట్టేది. మేనకోడలు కూడా "ఛీ, తప్పు!" అని కసిరేది. వారం తిరిగేసరికి కుక్క నోరు మూసుకుంది.

"చూశారా, దారికొచ్చింది!" అని సంబరపడింది అత్తయ్య.

"కాదు," అన్నాడు మామయ్య, కంటికున్న భూతద్దం తియ్యకుండానే.

మర్నాడు మేనకోడలు గిన్నె పక్కకి జరపబోతే, కుక్క చప్పుడైనా చెయ్యకుండా ఆమె చెయ్యి కరిచేసింది. ఇంజెక్షన్లయ్యాయి. అత్తయ్య కేంద్రానికి ఫోన్ చేసి, వెనక్కి తీసుకెళ్ళమంది. బండి మూడు వారాలకి గానీ రాదన్నారు. కరిచే కుక్క అని పేరు పడ్డాక దాన్ని ఇంకెవరు తీసుకుంటారు? బతికినన్నాళ్ళూ కేంద్రంలోని ఇనుప గదే. మేనకోడలు కట్టు కట్టిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"మొరిగే కుక్క కరవదంటారు," అన్నాడు మామయ్య. "దాని అరుపు మీరు మాన్పించారు. ఇక మిగిలింది కరవడమే కదా! గుర్రుమంటే 'కాదు, రావద్దు' అని. పాపం, కాదన్నప్పుడల్లా తిట్టారు."

ఆ పూట నుంచి కుక్క తింటుంటే ఆయన దూరంగా, అటు చూడకుండా నడిచి, ఉడికిన గుడ్డు ముక్క ఒకటి విసిరి వెళ్ళిపోయేవాడు. రోజుకో అడుగు దగ్గరగా. నాలుగో రోజు అది మళ్ళీ గుర్రుమంది. మామయ్య ఆగిపోయాడు. "సరే," అని రెండడుగులు వెనక్కేశాడు.

"ముప్ఫై ఏళ్ళలో నాకొక్కసారి సరే అన్నారా!" అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది.

మేనకోడలికి మాత్రం నవ్వు రాలేదు. చిన్నప్పుడు చుట్టాలొస్తే పాట పాడమని అందరూ తనని ముందుకి నెట్టేవారు. తను గౌను అంచు నములుతూ బిగుసుకుపోయేది. సరిగ్గా అప్పుడే మామయ్య "పాటలు చెవులకి మంచివి కాదు" అని మొదలెట్టేవాడు. ఆయనతో గంటసేపు గొడవపడి, పాట సంగతే మరిచిపోయి వెళ్ళేవారు చుట్టాలు. మామయ్య తగువులమారి అని వాళ్ళందరితో పాటు తనూ నవ్వేది. నోరు తెరిచి కాదనలేని తన తరఫున ఆయన కాదన్నాడని ఇన్నాళ్ళకి తెలిసి, మేనకోడలికి ఆయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది. కావలించుకుంటే అదీ కాదంటాడని ఊరుకుంది.

మామయ్యని చూసి అత్తయ్యా, మేనకోడలూ కూడా అలాగే ముక్కలు వెయ్యడం మొదలెట్టారు. మూడు వారాలకి కేంద్రం నుంచి ఒకావిడ తాడు పట్టుకుని వచ్చింది. కుక్క తింటోంది. అత్తయ్య పక్కనుంచి వెళ్తూ ముక్క వేస్తే, తోకూపింది. ఆవిడ దగ్గరికెళ్ళగానే గుర్రుమంది. ఆవిడ ఆగింది. కుక్క మళ్ళీ గిన్నెలో మూతి పెట్టింది.

"ఇంకా గుర్రుమంటోందిగా?"

"అంటుందమ్మా. మీరు ఆగారు, అది ఊరుకుంది. ఇంకేం కావాలి?" అంది అత్తయ్య.

"అయితే తీసుకెళ్ళనా, వద్దా?"

"వద్దు!" అన్నారు అత్తయ్య, మేనకోడలు ఒక్కసారే.

అన్నాక ఇద్దరూ మామయ్య వైపు తిరిగారు. ఇంట్లో అందరూ ఒక్క మాటమీదున్నాక మామయ్య ఊరుకుంటాడా? ఆయన నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. తలొంచుకుని వాచీ తుడవసాగాడు.

ఆవిడ తాడు చుట్టుకుంటూ, "మంచి కుక్కేనండీ," అంది.

"కాదు," అన్నాడు మామయ్య.

అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

"మా కుక్క," అన్నాడాయన.