ముప్పై ఒక్క బావుల కింద ఒకటే నీరు

ఆవిడ అసలు పేరు భూగర్భ జలాల ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఊరంతటికీ ఆవిడ టేపమ్మ. నెలనెలా మొదటి సోమవారం మొదలుపెట్టి, మూడు రోజుల్లో ముప్పై ఒక్క బావుల్లో నీటి లోతు కొలవడం ఆవిడ ఉద్యోగం. భుజాన సంచి, అందులో ఇనప టేపు, సుద్దముక్క, నోటుబుక్కు. టేపు చివర సుద్ద రాసి బావిలోకి వదులుతుంది, పైకి లాగి ఎక్కడిదాకా తడిసిందో చూస్తుంది, గట్టు మీద నుంచి నీళ్ళ దాకా ఎంతో రాసుకుంటుంది. ఇంతేనా అంటారా? ఇరవై ఆరేళ్ళు చేసి చూడండి, నడుము చెబుతుంది.

"నీళ్ళెలా ఉన్నాయి టేపమ్మా?" అని ఇంట్లో మనిషి ఆరోగ్యం అడిగినట్టు అడుగుతారు వీధిలో వాళ్ళు. "పర్లేదు, రెండంగుళాలు లేచాయి" అని మంచి కబురు చెప్పినట్టే చెబుతుంది ఆవిడ కూడా.

ఒక్క నెల సంగతి మాత్రం ఆవిడెప్పుడూ ఎత్తదు. పదకొండేళ్ళ కిందట, మండు వేసవిలో భర్త పోయాడు. నాలుగో రోజు సోమవారమైంది. కంట చుక్క రాలకుండా లేచి, సంచి తగిలించుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడి, "మా అన్నయ్య కంటే ఆ బావులే ఎక్కువయ్యాయా వదినా?" అంది. ఆ ఇంట్లో ఆవిడకి ఊపిరాడలేదు, ఆ మాట చెప్పడం చేతకాలేదు. ఆవిణ్ణి తప్పించుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు అంటీముట్టనట్టుగానే సాగాయి.

పోయిన ఏడాది ఆఫీసుకి మ్యాపులు వేసే అమ్మాయి వచ్చింది. టేపమ్మ నోటుబుక్కులన్నీ ఆరు నెలలు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించింది. తీరా మ్యాపు తెరిస్తే, ఇస్త్రీ దుకాణం వెనక బావి దగ్గర ఎర్రటి మచ్చ. తొమ్మిదేళ్ళ కిందట ఒకే నెలలో అక్కడ నీళ్ళు రెండడుగులు పడిపోయినట్టు లెక్క తేలింది. ఆ నెల చుట్టుపక్కల బావులన్నింట్లో నీళ్ళు పెరిగాయి.

పెద్దసారు పెదవి విరిచాడు. "ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన అంకెలు రాసినట్టుంది. ఈ పుస్తకాలు పక్కన పడెయ్. పోయిన ఏడాది బావుల్లో నీళ్ళు కొలిచే మిషన్లు పెట్టాం కదా, అక్కణ్ణించి వెయ్ మ్యాపు."

ఎగువ కాలనీలో ఇంకా లోతు బోర్లు వెయ్యనివ్వాలా వద్దా అన్నది ఆ మ్యాపు చూసే తేలుస్తారట. పోయిన ఏడాది వానలు దంచికొట్టాయి. ఆ ఒక్క ఏడాదే చూస్తే ఊరి కింద నీళ్ళకేం, కావలసినన్ని!

టేపమ్మ సంచి భుజాన వేసుకుంది. ఇంట్లో కూర్చుని రాసిందట! ఇంట్లో కూర్చోలేదనే కదా పదకొండేళ్ళుగా మాట పడుతోంది. "సారూ, ఆ బావి దగ్గరికి ఒక్కసారి రండి" అంది. సారు రాలేదు. అమ్మాయి వచ్చింది.

ఇస్త్రీ దుకాణం వెనక నడుమెత్తు గట్టు. టేపమ్మ అలవాటుగా దాని మీద మోచెయ్యి ఆనించింది, సుద్ద తీసింది, టేపు వదలబోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. గట్టు కింది భాగం పాత రాయి. పై భాగం ఇటుక.

"అయ్యో, నా మతి మండా!" అని నెత్తి కొట్టుకుంది. "అప్పట్లో ఇస్త్రీ అతని పిల్లలు లోపలికి తొంగి చూస్తున్నారు, గట్టు లేపండి లేపండి అని వాళ్ళ ప్రాణం తీసింది నేనే! లేపారు. నేనేమో ఎప్పట్లాగే పైనుంచి కొలుచుకుంటూ పోయాను."

అమ్మాయి వంగి ఇటుకల ఎత్తు కొలిచింది. ఇరవై అయిదు అంగుళాలు. ఫక్కున నవ్వింది. "నీళ్ళు దిగలేదమ్మా, గట్టు ఎక్కింది!"

ఆఫీసుకొచ్చి ఆ ఇరవై అయిదు అంగుళాలూ తీసేస్తే ఎర్ర మచ్చ మాయమైంది. అప్పుడు అమ్మాయి మ్యాపుని మొదటి నెల నుంచి ఒక్కో నెలా కదిలేలా తెర మీద నడిపించింది.

టేపమ్మ నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ముప్పై ఒక్క బావులనే అనుకుంది. ఒకటి మంచిది, ఒకటి మొండిది, ఒకటి మాయదారిది. తెర మీద ఉన్నది ఒకటే నీరు! ఎగువ కాలనీ నుంచి వాలుగా దిగి, ఇళ్ళ కింద, రోడ్ల కింద, ఈ ఆఫీసు కింద కూడా పరుచుకున్న ఒకే నీలం. ఎండలకి ముడుచుకుంటోంది, వానలకి విచ్చుకుంటోంది, మళ్ళీ ముడుచుకుంటోంది. నిద్రపోతున్న మనిషి పొట్టలా మెల్లగా లేచి దిగుతోంది. ఇంత పెద్ద ప్రాణి మీదా తను ఇరవై ఆరేళ్ళు నడిచింది!

పెద్దసారు కూడా వెనక నిలబడి చూశాడు. ఎగువన బోర్లు పడ్డకొద్దీ నీలం ఏటేటా చిక్కిపోవడం గుడ్డివాడికైనా తెలిసేలా ఉంది. "బోర్ల ఫైలు ఆపండి," అన్నాడు. టేపమ్మ వైపు తిరిగి, "పొరపాటు మాటన్నానమ్మా" అని కూడా అన్నాడు.

టేపమ్మ ఆ మాట సరిగ్గా వినిపించుకోలేదు. "తల్లీ, పదకొండేళ్ళ కిందటి మే నెల చూపించు" అంది.

"అదే అసలైన నెలమ్మా. అంత కరువు మళ్ళీ రాలేదు కదా, నీళ్ళు అన్నిటికంటే అడుక్కి పోయింది అప్పుడే. ఆ అంకెలు లేకపోతే ఈ నీరు ఎక్కడిదాకా దిగి మళ్ళీ లేవగలదో మనకి తెలిసేదే కాదు."

మర్నాడు టేపమ్మ ఆడపడుచుని బతిమాలి ఆఫీసుకి తీసుకొచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఆ నెల నీలం మీద చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. ఊరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా.

"ఆ ఎండలో, ఆ మూడు రోజులూ, ఇంత దూరం ఒక్కదానివే తిరిగావా వదినా?"

పదకొండేళ్ళు ఆలస్యంగా, ఆఫీసు కుర్చీలో కూర్చుని, టేపమ్మ భోరుమని ఏడ్చింది.