మిల్లు ఇంట్లో అన్నం మానేశాను

నాకు షుగరు ఉందని తేలేసరికి ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మిర్యాలగూడలో మా కాపురం. మా ఆయన రైస్ మిల్లులో మిషను నడిపేవాడు, నేను ప్రైమరీ స్కూల్లో టీచరును. మూడు పూటలా అన్నమే తినే ఇల్లు మాది. పొద్దున టిఫిన్ కూడా రాత్రి మిగిలిన అన్నానికి పోపు పెట్టిందే.

సూర్యాపేట డాక్టరు మాత్ర రాసి, అన్నం తగ్గించమన్నాడు. నేను తగ్గించలేదు, మొత్తం మానేశాను. కళ్ల ముందు అన్నం గిన్నె ఉంటే రెండు గరిటెల దగ్గర ఆగే మనిషిని కాదని నాకు తెలుసు.

అత్తమ్మ ఊరుకోలేదు. "మిల్లుల పనిచేసేటోని పెండ్లానివి. నువ్వే అన్నం వద్దంటే నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురికి లేదు గద అత్తమ్మా షుగరు. నాకున్నది."

ఆమె గిన్నె నా వైపు జరిపింది. నేను దాన్ని మా ఆయన వైపు జరిపాను. ఆయన తల వంచుకుని తిన్నాడు.

కానీ నేనూ ఒక తప్పు చేశాను. అన్నంతో పాటు కొవ్వంటే కూడా భయం పట్టుకుంది. ఉడికించిన గుడ్లలో పచ్చసొన తీసి పారేసేదాన్ని. కోడి తోలు ఒలిచి, నూనె చుక్క లేకుండా నీళ్లలో ఉడికించుకునేదాన్ని. పెరుగు మీద మీగడ తీసేసేదాన్ని. తిన్న గంటకే ఆకలి. క్లాసులో పిల్లల మీద ఊరికే కసురుకునేదాన్ని.

ఒకరోజు కోదాడ బస్సులో నిలబడి ఉండగా ఒళ్లంతా చెమటలు పట్టి, కాళ్లు వణికి కూలబడ్డాను. పక్కసీటు ఆవిడ తన సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి తాగించింది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"మాత్ర ఎప్పటిలెక్కనే ఏసుకుంటున్నరా?"

"ఏసుకుంటున్న సారూ."

"అన్నం మానేసే ముందు నాకొకమాట చెప్పాలె గద. మాత్ర గంతే ఏసుకునేసరికి షుగరు మరీ పడిపోయింది. అన్నం లేదు, నూనె లేదు, ఇగ ఒళ్లు దేంతోని నడుస్తది టీచరమ్మా?" అని మాత్ర మోతాదు తగ్గించాడు. వారం వారం పరీక్ష చేయించుకోమన్నాడు.

ఇంటికి రాగానే మా ఆయన అన్నాడు, "ఇగ చాలు. పరేషాన్ ఎందుకు, అందరి లెక్క తిను."

"తినను. అన్నం మానేసుడు తప్పు గాదు. నేను మానేసిన తీరు తప్పు."

ఆ ఆదివారం అనంతగిరి దగ్గర మా అమ్మ వాళ్ల ఊరికి పోయాను. గొర్లు మేపుకుని బతికిన ఇల్లు అది. నేను గుడ్డులో పచ్చసొన తీస్తుంటే అమ్మ చూసి, గుడ్డు చేతిలోంచి లాక్కుంది. "గిది పారేస్తే ఇగ తినేదేందే బిడ్డా?"

ఆమె మాట పట్టుకుని ఈసారి మరీ అతికి పోయాను. మధ్యాహ్నం మాంసం కూరలో కొవ్వు ముక్కలే ఏరుకుని, పైన నెయ్యి పోసుకుని తిన్నాను. సాయంత్రానికి కడుపులో తిప్పి వాంతి అయింది. అమ్మ నవ్వలేదు. "ఉత్త కొవ్వు తినుమన్ననా? ముక్కకు అంటుకున్నంత చాలు. పక్కన ఆకుకూర గిన్నెడు పెట్టుకో," అంది.

ఆ తర్వాత నా పద్ధతి నేనే కుదుర్చుకున్నాను. అరచేయంత మాంసమో చేపో, లేదంటే పచ్చసొనతో సహా రెండు గుడ్లు. మటన్‌లో దాని కొవ్వు దానికే ఉంటుంది కాబట్టి నూనె తక్కువ. తోలు తీసిన కోడైతే ఒక చెంచా పల్లీనూనె ఎక్కువ. తోటకూర, బీరకాయ, వంకాయ కడుపు నిండా. ఇంకా ఆకలేస్తే మీగడతోనే పెరుగు. నాలుగైదు నెలలకు ఒంట్లో సత్తువ వచ్చింది. రిపోర్టు చూసి డాక్టరు మాత్ర ఇంకొంచెం తగ్గించాడు. పూర్తిగా ఆపలేదు, నేనూ ఆపమని అడగలేదు.

కోదాడలో మా ఆడబిడ్డ కొడుకు పెళ్లి వచ్చింది. బంతిలో అన్నం వడ్డించే అతను రాగానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, కూర ఇంకో గంటె వేయమన్నాను. ఎదురు వరసలోంచి ఆడబిడ్డ అందరికీ వినబడేట్టు అంది, "మా ఇంటి అన్నం పనికిరాలేదా నీకు? ఉత్త కూర తినేటోళ్లను గీడనే సూస్తున్న."

నా చుట్టూ తినడం ఆగింది. మా ఆయన మోచేత్తో పొడిచాడు, రెండు మెతుకులు వేయించుకోమని. వేయించుకోలేదు.

"వదినా, నీ ఇంటి కూర మంచిగున్నది, అడిగి ఏయించుకుంటున్న. అన్నం తిని నాకు షుగరు పెరిగితే నువ్వొచ్చి తగ్గిస్తవా?"

ఆమె మొహం తిప్పుకుంది. వడ్డించే అతను ఎవరి మాట వినాలో తెలియక గంటె పట్టుకుని నిలబడ్డాడు. "ఏయి తమ్ముడూ," అన్నాను. వేశాడు. ఆకులో ఏమీ మిగల్చకుండా తిని లేచాను.

ఆడబిడ్డ చాలా రోజులు మాట్లాడలేదు. అత్తమ్మ ఇప్పటికీ నా కంచం చూసి నిట్టూరుస్తుంది. నేను ఇప్పటికీ తలెత్తుకునే తింటున్నాను.