పాత హౌజు తూర్పు గోడ

బాలనర్సయ్య లేపిన కోటలు ఆరు వారాలకు మించి నిలిచేవి కావు. ఫిల్మ్‌నగర్‌లో సెట్ల పని ఆయనది. వెదురు బద్దలు, గోనెపట్టా, పైన ప్లాస్టర్ పూత. చెయ్యి పెట్టి తడిమినా రాయే అనుకునేట్టు చేసేవాడు. షూటింగ్ అయిపోతే తనే దగ్గరుండి పగలగొట్టించేవాడు. దానికి ఏనాడూ బాధపడలేదు.

హైటెక్ సిటీ వైపు అద్దాల ఆఫీసులు లేస్తున్న రోజుల్లో, నీళ్ల ఇంజనీరు వరప్రసాద్ యూసుఫ్‌గూడలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జూబ్లీహిల్స్ బండల మధ్య నిజాం కాలంలో నీళ్లు నిలవ చేయడానికి కట్టిన హౌజు ఒకటి ఉంది. మూడు వైపులా గుట్టలో కలిసిపోయి, తూర్పు గోడ ఒక్కటే బయటికి కనబడుతుంది. కారుతోందని ఎప్పుడో మూసేశారు.

"మా పైవాళ్లు మూడు నెలలు గడువిచ్చారండీ. నీళ్లు నిలిస్తే సరే. కారితే కూలగొట్టి కాంక్రీటు ట్యాంకు కడతారు. సున్నం పని తెలిసింది మీకేనన్నారు."

"మా తాత కాడ నేర్చుకున్న సారూ. చూడంది ఏం చెప్పలేను."

బాలనర్సయ్య ఇనుప నిచ్చెన దిగి టార్చి వేశాడు. వరసగా రాతి స్తంభాలు, వాటి మీద ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నట్టు కమానులు. పైకప్పంతా ఇటుకే, ఇనుప చువ్వ ఒక్కటి లేదు. ఒక ఇటుక పక్క ఇటుకను నెడుతూ, ఆ నెట్టుడు మీదే ఎనభై ఏళ్లుగా నిలబడింది. నీళ్లలో మునిగిపోయే స్తంభాల అడుగుకు కూడా అంచులు తీర్చి ఉన్నాయి. కెమెరా పడని వైపు సెట్టుకు ఆయన రంగైనా వేయడు. ఇక్కడ చూసేవాళ్లే లేరు! చెప్పులు విప్పి నిచ్చెన మీద పెట్టాడు.

తూర్పు గోడకు మాత్రం సిమెంటు పూత ఉంది. సుత్తితో తడితే డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీస్తే వెనక సున్నం నానిపోయి ఉంది. ఆ పూత మీద తాపీ గీతలు కుడి నుంచి ఎడమకు వంగి ఉన్నాయి. బాలనర్సయ్యది ఎడమచేతి వాటం. పాతికేళ్ల కిందట ఒక గుత్తేదారు కూలీలను లారీలో ఎక్కించుకుపోయి, లాంతరు వెలుగులో ఏదో చీకటి తొట్టిలో రెండు రోజులు పూత వేయించిన సంగతి గుర్తొచ్చింది.

"సారూ, గీ గోడను ఖరాబు చేసింది నేనే."

"ఎవరూ అడగలేదు కదండీ, ఎందుకు చెప్పడం?"

"చెప్పకుంట పని ఎట్ల చేస్త? సున్నం గోడ ఎండకు, చలికి జర కదుల్తది. సిమెంటు బిరుసు, కదలదు, పలుగుతది. పగుల్ల దూరిన నీళ్లు లోపల్నే ఉండి సున్నాన్ని తింటయి."

ఒప్పుకున్న కోట సెట్టు వదులుకుని, పూతంతా తనే చెక్కేశాడు. సున్నం, ఇసుక, ఇటుకపొడి గానుగ పట్టి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలిపి మళ్లీ పూశాడు. భార్య దేవమ్మ తడి గోనెసంచులు కప్పుతూ వెక్కిరించేది: "సినిమా కోటను వారంల లేపుతవు. గీ గోడకు బాలింతకు చేసినట్టు చేస్తున్నవ్!"

గడువు పన్నెండు రోజులుందనగా హౌజు నింపారు. మూడో రోజు గోడ బయట, రాళ్ల సందున, జానెడు మేర చెమ్మ తేలింది. వరప్రసాద్ జేబులోంచి కాగితం తీశాడు.

"కారుతోందని రాసెయ్యనా మేస్త్రీగారూ?"

"నీళ్లు తియ్యకుండ్రి సారూ. ఊరే నీళ్లే సున్నాన్ని మోసుకొచ్చి సందు పూడుస్తయని మా తాత అంటుండె."

"మీరు చూశారా?"

"లేదు."

రోజూ పొద్దున్నే వచ్చి ఆ చెమ్మ మీద అరచెయ్యి ఆనించేవాడు. రెండు రోజులు ఏ మార్పూ లేదు. మూడో నాడు చెమ్మ బెత్తెడైంది. ఆ తర్వాత వేలెడంత. పన్నెండో రోజున చెయ్యి పొడిగా వచ్చింది. సందు పొడవునా తెల్లటి గీత గట్టిపడి ఉంది. గోరుతో గీకినా రాలలేదు.

వరప్రసాద్ వంగి చాలాసేపు చూశాడు. "ఎవరు పూశారండీ దీన్ని?"

"ఎవ్వరు పూయలె సారూ."

వరప్రసాద్ కాగితం ఆ గోడకే ఆనించి, నిలబడే రాశాడు: నీళ్లు నిలిచాయి.