నోరు తెరవని ఆదివారం

"ఏమండీ, ఆ పక్క బెంచీ మీదున్నావిడ్ని పిలవనా?"

"నోర్మూసుకుని కూచో. తెల్లవాళ్ల ముందు వచ్చీరాని వాగుడు వాగి నా పరువు తియ్యకు."

"సరే. నోరు తెరవను."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఏళ్లుగా ఇవి నాతో పాటే లేస్తున్నాయి, నాతో పాటే పడుకుంటున్నాయి. మాటిచ్చాను. నిలబెట్టుకున్నాను. అదే నేను చేసిన పాపం.

నాకు సంతకానికి మించి రాయడం రాదు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. ఆయన చెల్లెలి కూతురే. మేనమామ చావు సంగతి మేనకోడలి చేత రాయించడమేమిటని మీరు అడగవచ్చు. ఇంకెవరున్నారు? నా కూతురికి చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఆయన ఇండియాలో ఇంగ్లీషు మాస్టారు. ఉద్యోగమున్నంత కాలం పిల్లలకి ఇంగ్లండు పల్లెల పాఠాలు చెప్పాడు. ఇంగ్లండు మొహం ఏనాడూ చూసింది లేదు. ఇద్దరం ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి, పాయింట్ కుక్ అనే ఊరికి వచ్చాక ఆయనకో పిచ్చి పట్టింది. కారు నేర్చుకుని, ప్రతి ఆదివారం నన్నెక్కించుకుని కొండల వైపు తీసుకెళ్లేవాడు. అక్కడో చిన్న ఊరు. రాతి చర్చి, గొర్రెలు, చెరువు, చెరువు పక్కన టీ దుకాణం. "చూశావటే? అచ్చం ఇంగ్లండే!" అనేవాడు. మీకెలా తెలుసని నేనెప్పుడూ అడగలేదు. ఎండ మాడ్చేస్తుంటే మెడకి టై, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో కర్ర. కాలికేం జబ్బు లేదు. దొరలా కనబడాలని కర్ర. అసలు దొరలేమో నిక్కర్లు, చెప్పులు వేసుకుని తిరుగుతుండేవారు. వాళ్లు పలకరింపుగా "గుడ్డే" అంటే ఈయన వంగి "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్" అనేవాడు. నేను సిగ్గుతో బాతుల వంక చూసేదాన్ని.

నాకు ఇంగ్లీషు రాదని ఆయన నమ్మకం. ఇంట్లో మనవరాలికి తెలుగులో బదులివ్వడం రాదు. దానికి అన్నం పెట్టాలన్నా, జడ వెయ్యాలన్నా దాని మాట నేను నేర్చుకోక తప్పిందా? ఆ పిల్ల నేర్పిన ఇంగ్లీషు ఒక మనిషిని సాయానికి పిలవడానికి చాలు. మాస్టారికి ఆ సంగతి తెలియదు. తెలుసుకునే తీరికా లేదు.

ఆ రోజు టీ, స్కోన్లు తెచ్చుకుని చెరువు పక్కన కూర్చున్నాం. స్కోనంటే నిన్నటి బన్ను లాంటిదే. దాన్ని కత్తితో ఎలా కోయాలో నాకు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ముఖమంతా చెమట. ఎడమ చెయ్యి నొక్కుకున్నాడు. అప్పుడే పిలవనా అని అడిగాను. ఆయనేమన్నాడో ముందే చెప్పాను.

అక్కడి వరకూ తప్పు ఆయనది. ఆ తర్వాతది నాది.

కాసేపటికి ఆయన మాట పడిపోయింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. నన్ను చూశాడు. పక్క బెంచీ మీది తెల్లావిడని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. పిలవమనే కదా? ఇంకేమిటి? నాకు అర్థం కాలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. అన్నేళ్లు కాపురం చేసిన మనిషి చూపు అర్థం కాదా?

నేను కదల్లేదు. ప్లేటులో మిగిలిన స్కోను తీసుకుని, జాము రాసుకుని తిన్నాను.

"అత్తయ్యా, ఆ ముక్క అవసరమా?" అంటోంది ఈ పిల్ల. అవసరమే. రాయి.

భయంతో కొయ్యబారిన మనిషి జాము రాసుకుంటుందా? ఆయన చచ్చిపోవాలనుకున్నానా? కాదనే అనిపిస్తుంది. ఆయన నన్ను ప్రాధేయపడాలనుకున్నాను. బతుకులో ఒక్కసారి ఆయనకి నా నోటితో పని పడింది, ఆ పనిని ఇంకాస్త సాగదీయాలనిపించింది, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ నములుతూ కూర్చున్నాను. ఎంత నీచమో చూడండి. ఆయన టై కంటే, ఆ ఉత్తుత్తి కర్ర కంటే నీచం.

చివరికి ఆయన చెయ్యి తగిలి కప్పు పగిలితే, ఆ చప్పుడుకి తెల్లావిడే పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సుకి ఫోను చేసింది. ఆయన పేరేమిటని నన్ను అడిగింది. ఇంగ్లీషులోనే అడిగింది. చెప్పాను. పెళ్లైన నాటి నుంచి మొగుడి పేరు నోట పలకనిదాన్ని, తడబడకుండా పలికాను. ఆవిడ ఆ పేరు పెట్టి పిలిచింది. ఆయన పలకలేదు.

కాస్త ముందు ఫోను చేసి ఉంటే బాగుండేదని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. నా కూతురు నన్ను వాటేసుకుని, అమ్మకి ఇంగ్లీషు రాదని ఇంగ్లీషులో డాక్టరుకి చెప్పింది. ప్రతి ముక్కా అర్థమైంది. తల వంచుకున్నాను. తర్వాత ఇంటికి వచ్చిన ఆడవాళ్లంతా "పాపం, భాష రాని మనిషి, ఏం చేస్తుంది ఆంటీ మాత్రం!" అన్నారు. ఆ జాలి కూడా తిన్నాను, స్కోను తిన్నట్టే.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆయన లేచొచ్చినా క్షమించడు, నా ఉచ్చారణ దిద్దుతాడు. చెప్పేశాను, అంతే. ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది.

అమ్మాయ్, కళ్లు తుడుచుకో. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు. మెల్లగా చదువు. ఆ స్కోను సంగతి రాశావో, అత్త మీద జాలితో వదిలేశావో వింటాను.