రోడ్డు మీద గుర్తుపట్టని డాక్టరు

మా డాక్టరుగారు పోయారు. సోమవారం పొద్దున ఆబిడ్స్‌లో బస్సు దిగుతుంటే క్లినిక్ నర్సమ్మ ఫోన్ చేసింది. "అన్నా, సార్ ఇగ లేరు. గుండెపోటు." ఏ సారు అని అడిగాను. చూడండి నా తెలివి! బీపీ మాత్ర వేసుకోవడం లేదని శనివారం సాయంత్రమే నన్ను తిట్టిన మనిషి, సోమవారానికి లేకపోవడమేమిటి? ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆయన మానసిక వైద్యుడు. నాంపల్లి స్టేషను దగ్గర రెండో అంతస్తులో క్లినిక్. తాగుడు మాన్పించేవారు, దాని మీదే ముప్పై ఏళ్లు పరిశోధన చేశారు. సీసా పట్టుకోకముందు ఆ మనిషికి ఏ దెబ్బ తగిలిందని వెతికేవారు. నా నుంచి అది బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను నడుపుతున్న స్కూటరు మీంచి పడి మా తమ్ముడు చనిపోయాడు. అది చెప్పి ఏడుస్తుంటే ఆయన రాయడం ఆపి కలానికి మూత పెట్టేశారు. "గిది కాయితం మీదికి రాదు. నువ్వు చెప్పు, నేను వింట" అన్నారు.

తాగుడు మానేసిన కొత్తలో ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఎదురుపడ్డారు. నేను నవ్వాను. గోడను చూసినట్టు చూసి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత వెళ్లి అడిగేశాను.

"నీ పక్కన ఎవరో ఉన్నరు గదా. నేను పలకరిస్తే, గీయన నీకెట్ల తెలుసని అడుగరా? రోడ్డు మీద నేనెవ్వర్నీ గుర్తుపట్ట. నోరు తెరిచి పిలువు, పలుకుత. చెప్పుడా, దాచుడా, నీ ఇష్టం."

ఆ పక్కనున్నది మా ప్రెస్సు యజమాని. నేనక్కడ ప్రూఫులు దిద్దుతాను. తాగుడు సంగతి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని, ఆరేళ్లుగా ప్రతి శనివారం పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్తున్నాను. నా నోట్లో ఇంకా పళ్లు మిగిలి ఉన్నందుకు యజమాని ఆశ్చర్యపోతూ ఉండాలి. ఈ ఆరేళ్లలో డాక్టరుగారిని రోడ్డు మీద ఒక్కసారీ పిలవలేదు. ఇప్పుడు సిగ్గేస్తోంది.

సోమవారం చుట్టం పోయాడని సెలవడిగితే, పాపం యజమానే తన కారులో బషీర్‌బాగ్‌లోని డాక్టరుగారింటికి తీసుకెళ్లాడు. హాలు నిండా జనం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. క్లినిక్ బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్లు ముగ్గురు కనిపించారు. డాక్టరుగారమ్మాయి ఒక్కొక్కరినీ అడుగుతోంది.

"నాన్న మీకెట్ల తెలుసు?"

"ఒకసారి కలిసినమమ్మా" అని ఒకరు, "ఊకెనే తెలుసు" అని ఇంకొకరు నసుగుతున్నారు.

నా వంతు వచ్చింది. యజమాని నా భుజం పక్కనే ఉన్నాడు.

"పేషెంటునమ్మా. బాగ తాగెటోణ్ణి. ఆరేండ్ల సంది ముట్టలే. సారే మాన్పించిన్రు."

యజమాని నా వైపు తిరగడం తెలుస్తూనే ఉంది. నేనటు చూడలేదు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఇంటివాళ్లు కూర్చున్న చాప మీద, వాళ్ల నాన్న కాళ్ల దగ్గర, తనూ కూర్చుని, జర జరిగి నాకు చోటిచ్చింది.